బరంపురంలోని థైరాయిడ్ క్లినిక్: నా నీరసానికి పేరు దొరికిన చోటు

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు ఉపాధ్యాయురాలిని. పదకొండేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. 2024 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు బరంపురంలోని ఒక ప్రైవేటు ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) క్లినిక్‌కు మూడుసార్లు వెళ్ళాను. థైరాయిడ్ లోపంతో పాటు నాకు దీర్ఘకాలిక అలసట వ్యాధి కూడా ఉందని అక్కడే తేల్చి, కాగితం మీద రాసి ఇచ్చారు. వైద్యులు దానిని ఎంఈ-సీఎఫ్‌ఎస్ అంటారు. ఆ క్లినిక్‌లో నాకు అందిన సేవను, అందులోని మంచినీ లోపాలనూ దాచకుండా ఇక్కడ రాస్తున్నాను. వైద్యుని అనుమతి అడగలేదు కనుక ఆయన పేరు గానీ క్లినిక్ పేరు గానీ రాయడం లేదు. మా గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగువారు ఇటువంటి బాధతో ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా అక్కడ ఏమి అడగాలో, ఏమి ఆశించవచ్చో తెలియాలన్నదే నా కోరిక.

ముందు జరిగినది కొంత చెప్పాలి. 2022 శ్రావణంలో నాకు జ్వరం వచ్చింది. మా ప్రాంతంలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు మలేరియా పరీక్ష చేస్తారు. అది లేదని తేలింది. వారం రోజుల్లో జ్వరం తగ్గింది గానీ దాని వెనుక వచ్చిన నీరసం మాత్రం ఏడాదిన్నర గడిచినా వదలలేదు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా మెలకువగా ఉన్నట్టే ఉండేది. పాఠం మధ్యలో తెలిసిన పద్యమే నోటికి అందేది కాదు. ఈ కాలంలో ముగ్గురు వైద్యులకు చూపించుకున్నాను. మొదటివారు థైరాయిడ్ రిపోర్టు చూసి, అంతా నార్మల్‌గానే ఉంది కనుక జబ్బేమీ లేదన్నారు. రెండవవారు మాత్ర చాలడం లేదేమోనని 75 మైక్రోగ్రాముల మోతాదును 100కు, ఆ తరువాత 125కు పెంచారు. మూడు నెలలు తిరిగేసరికి టీఎస్‌హెచ్ 0.05కు పడిపోయింది (ఇది థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను; మందు ఎక్కువైతే పడిపోతుంది, చాలకపోతే పెరుగుతుంది). గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి మొదలయ్యాయి, నీరసం మాత్రం ఉన్నచోటనే ఉంది. థైరాయిడ్ మాత్ర మోతాదు మించితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందనీ, ఎముకలు పలచబడతాయనీ నాకు అప్పటికి తెలియదు. మూడవవారు మోతాదును 100కు తగ్గించి, రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాసి, రోజూ తెల్లవారుజామున గంటసేపు వేగంగా నడవమన్నారు. పన్నెండు రోజులు నడిచాను. పదమూడవ రోజున మంచం దిగలేకపోయాను.

ఈ లోపల ఇంటా బయటా ఒక మాట పుట్టింది. ఒళ్ళు వంచడం లేదన్నారు. ఇరవై ఏళ్ళు ఇంటి పనీ బడి పనీ ఒంటిచేత్తో చేసిన మనిషికి ఆ మాట ఎంత బాధ కలిగిస్తుందో పడినవారికే తెలుస్తుంది. బరంపురం ప్రయాణం పెట్టుకున్నది ఆ స్థితిలోనే.

గుణుపురం నుంచి పూరీ వెళ్ళే రైలు మా ఊరి మీదుగా పోయి బరంపురంలో ఆగుతుంది కనుక, బస్సు కుదుపులు పడలేనివారికి అదే మేలు. క్లినిక్‌లో టోకెను ముందురోజే ఫోనులో ఇస్తారు. మొదటిసారి చూసినందుకు 800 రూపాయలు, రెండు నెలల లోపల మళ్ళీ వెళితే 400 తీసుకున్నారు. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. టోకెను మీద పదకొండు గంటలని ఉన్నా నన్ను లోపలికి పిలిచేటప్పటికి ఒంటిగంటన్నర దాటింది. అంతసేపూ ఇనుప కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. రోగులలో సగం మంది నీరసంతో వచ్చే చోట నడుము వాల్చడానికి ఒక్క బల్ల అయినా లేకపోవడం నాకు చాలా కష్టం కలిగించింది.

అయితే లోపల జరిగినది ఈ కష్టాన్ని మరిపించేటంత మంచిది. వైద్యుడు ఒడియావారు, తెలుగు కొంత అర్థం చేసుకుంటారు గానీ మాట్లాడలేరు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన నర్సు ఒకామె మధ్యలో కూర్చుని మాట అందిస్తుంది. నాకూ ఒడియా వచ్చు, కాని బాధ చెప్పుకునేటప్పుడు మనిషికి తల్లిభాషే నోటికి వస్తుంది. ఒడియాలో నేను ఇంతకాలం దుర్బళగా ఉందని ఒక్క మాట చెప్పి ఊరుకునేదాన్ని. ఆమె మాత్రం నా నుంచి విడివిడిగా అన్నీ రాబట్టింది: ఆకలి వేసినప్పటి నీరసమా, జ్వరం తగ్గాక వచ్చే నిస్త్రాణా, ఎండలో తిరిగినప్పటి సొమ్మసిల్లడమా, పని చేశాక ఒళ్ళు పులిసిపోవడమా, లేక పని చేయాలన్న మనసే పుట్టకపోవడమా? నాకు పని మీద మనసు నిండా ఉంది, ఒంట్లోనే సత్తువ లేదని చెప్పాను. ఆమె ఆ మాటను ఒడియాలో చెప్పగానే వైద్యుడు కలం ఆపి, దాన్ని విడిగా రాసుకున్నారు. మనసు కుంగిన జబ్బులో ఆసక్తే చచ్చిపోతుందనీ, ఇక్కడ ఆసక్తి ఉండి శక్తి లేదనీ, వైద్యానికి ఈ తేడా చాలా ముఖ్యమనీ ఆ తరువాత వివరించారు.

ఆ పిమ్మట ఆయన అడిగిన ప్రశ్నను అంతకు ముందు ముగ్గురిలో ఎవరూ అడగలేదు. పని చేసిన రోజు సంగతి వద్దు, ఆ మరునాడూ మూడవనాడూ ఎలా ఉంటుందో చెప్పమన్నారు. నాకు వెంటనే ఆగస్టు 29 గుర్తుకు వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆయన జయంతిని మా బడిలో తెలుగు భాషా దినోత్సవంగా శ్రద్ధగా చేస్తాము. 2023లో ఆ రోజంతా నిలబడి పిల్లల చేత పద్యాలు చదివించాను. ఆ సాయంత్రం అలసట మామూలుగానే ఉంది. మరునాడు బడికి కూడా వెళ్ళాను. ముప్పై ఒకటవ తేదీ ఉదయం మాత్రం తల దువ్వుకోవడానికి దువ్వెన ఎత్తలేకపోయాను. గొంతు నొప్పి పెట్టింది, వెలుతురు చూడలేకపోయాను. అలా తొమ్మిది రోజులు గడిచాయి. ఇది విన్నాక వైద్యుడు, శ్రమ చేసిన 12 నుంచి 48 గంటల తరువాత ఒళ్ళు కూలబడడం, ఆ కూలబాటు రోజులూ ఒక్కొక్కసారి వారాలూ నిలవడం ఈ వ్యాధికి ముఖ్యమైన గుర్తు అని చెప్పారు. ఒక్క థైరాయిడ్ లోపం వల్ల వచ్చే నీరసం సాధారణంగా ఇలా ఒకటి రెండు రోజులు ఆగి దెబ్బ తీయదని కూడా అన్నారు.

కాని ఆ రోజున ఆయన వ్యాధి పేరు రాసి ఇవ్వలేదు. నాకు కొంత నిరాశ కలిగిన మాట నిజమే, అయినా ఈ సేవలో నేను అన్నిటికన్న ఎక్కువ గౌరవించేది ఆ సంయమనాన్నే. ఈ వ్యాధిని చూపించే రక్తపరీక్ష ఏదీ లేదు. నీరసానికి కారణం కాగల మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ, లక్షణాల వరసను బట్టి నిర్ధారించాలి. మర్నాడు పరగడుపున ఎనిమిది గంటలకు రక్తం తీసి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బీ12, డీ విటమిను, మూడు నెలల చక్కెర సగటు, కాలేయం, మూత్రపిండాలు, కాల్షియం, ఉదయపు కార్టిసాల్ చూశారు. థైరాయిడ్ గ్రంథి మీద శరీరమే దాడి చేసే హషిమోటో వ్యాధి నాకు ఉంది కనుక, అటువంటివారిలో మిగిలినవారికన్న ఎక్కువగా కనిపించే సీలియాక్ వ్యాధికీ (గోధుమలోని గ్లూటెన్ ఒంటికి పడకపోవడం) పరీక్ష చేయించారు. మా జిల్లాలలో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నందున ఆ పరీక్షను కూడా వదలలేదు. నాకు గురక లేదని మావారిని అడిగి తెలుసుకున్నాకే నిద్ర పరీక్ష అవసరం లేదన్నారు. మొత్తం ఖర్చు ఆరువేల రూపాయలు దాటింది. ఇది చిన్న మొత్తం కాదు, ఆరోగ్య కార్డు ఇటువంటి బయటి పరీక్షలకు పనికిరాలేదు. అయినా ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో ఒక్కొక్కటి చెప్పి చేశారు. ల్యాబులు అమ్మే పెద్ద ప్యాకేజీని నేనే అడిగితే, అందులో సగం నాకు అక్కరలేదని వద్దన్నారు.

రిపోర్టులలో రెండు సంగతులు బయటపడ్డాయి. డీ విటమిను 16 మాత్రమే ఉంది. టీఎస్‌హెచ్ 6.8 ఉంది, అంటే ఈసారి పైకి పోయింది. ఇక్కడ మరొక వైద్యుడైతే మళ్ళీ మోతాదు పెంచేవారేమో. ఈయన మాత్రం నేను ఆ మాత్ర ఏ వేళకు, దేనితో, దేని తరువాత వేసుకుంటున్నానో నిమిషాలతో సహా అడిగారు. ఉదయం లేచి మాత్ర వేసుకుని, ఆ వెంటనే పాలు పోసిన టీ తాగి, ఆ టీతోనే ఐరన్ మాత్ర కూడా మింగేదాన్ని. ఐరనూ కాల్షియమూ థైరాయిడ్ మాత్రను కడుపులోనే పట్టివేసి ఒంటికి అందనివ్వవు కనుక, థైరాయిడ్ మాత్రకూ ఆ రెండింటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలనీ, థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు టీ కూడా ముట్టరాదనీ చెప్పారు. పదకొండేళ్ళలో ఈ మాట నాకు ఇంత స్పష్టంగా చెప్పినవారు లేరు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలనీ, లేకపోతే థైరాయిడ్ అంకెలు తప్పుగా వస్తాయనీ అన్నారు. నేను అవి వాడడం లేదు గాని, మా బడిలో ఇద్దరు వాడుతున్నారు, వారికి చెప్పాను.

మోతాదు మార్చలేదు. వేళ మార్చి, ఎనిమిది వారాలు ఆగి, టీఎస్‌హెచ్ మా ఊరిలోనే చేయించుకుని రమ్మన్నారు. ఈ మందు ఒంట్లో నిలకడకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అంతకు ముందు చూసిన అంకెను నమ్మి మందు మార్చితే నా పాత కథే మళ్ళీ జరుగుతుంది. ఈ ఎనిమిది వారాలూ ఒక నోటు పుస్తకంలో రోజుకు నాలుగు వరుసలు రాయమన్నారు: ఏమి చేశాను, ఎంతసేపు నిలబడ్డాను, ఎలా నిద్రపోయాను, మరునాడు ఎలా ఉన్నాను.

ఏప్రిల్‌లో రెండవసారి వెళ్ళేటప్పటికి టీఎస్‌హెచ్ 2.1కి వచ్చింది, మందుతో డీ విటమిను కూడా సరిపడా అయింది. మలబద్ధకం తగ్గింది, జుట్టు రాలడం తగ్గింది, ముఖం వాపు పోయింది. అంటే థైరాయిడ్ వల్ల వచ్చినవి థైరాయిడ్ సర్దుకోగానే పోయాయి. నీరసం మాత్రం అలాగే ఉంది, పుస్తకంలో మూడు కూలబాట్లు నమోదై ఉన్నాయి, మూడూ శ్రమ చేసిన రెండవ రోజునే వచ్చాయి. వైద్యుడు ఆ పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివారు. నర్సు నన్ను పడుకోబెట్టి నాడి చూసి, ఆ తరువాత గోడకు ఆనించి పది నిమిషాలు నిలబెట్టి నిమిష నిమిషానికీ చూసింది. పడుకున్నప్పుడు 72 ఉన్నది 98కి పోయింది, తల తేలిపోయింది, పాదాలు నల్లబడ్డాయి. ఆ పెరుగుదల 30 దాటి ఉంటే దానికి వేరే పేరు పెట్టేవారు. అంత లేకపోయినా, నిలబడితే బాధ పెరుగుతున్నదన్నది నిర్ధారణలో లెక్కకు వచ్చింది.

అప్పుడు ఆయన వివరించినది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం మూడు లక్షణాలు తప్పక ఉండాలి: విశ్రాంతికి లొంగని కొత్త అలసట వల్ల మునుపటి పనులు ఆరు నెలలకు పైగా బాగా తగ్గిపోవడం, శ్రమ తరువాత కూలబడడం, నిద్ర లేచినా తేరుకోకపోవడం. వీటికి తోడు మతిమరపు వంటి ఆలోచనాశక్తి లోపం గానీ, నిలబడితే బాధ పెరగడం గానీ ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి ఈ పేరు పెట్టవచ్చునా అన్నది నా ముఖ్య సందేహం, ఎందుకంటే పాత వైద్యులలో ఒకరు పెట్టకూడదని గట్టిగా అన్నారు. ఈ వ్యాధికి 1994లో ఇచ్చిన పాత నిర్వచనంలోనే దీనికి జవాబు ఉందని ఈయన చెప్పారు. వైద్యం లేకుండా ఉన్న థైరాయిడ్ లోపం ఈ నిర్ధారణకు అడ్డు వస్తుంది, కాని మందుతో టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చిందని రుజువైన తరువాత అది అడ్డు కాదు. ఎనిమిది వారాలు నన్ను ఆపినది ఈ రుజువు కోసమేనని నాకు అప్పుడు బోధపడింది. రెండు జబ్బులూ పక్కపక్కన ఉండవచ్చు, ఒకదాని అంకె బాగున్నంత మాత్రాన రెండవది లేనట్టు కాదు.

దీనికి నయం చేసే మందు లేదని ఆయన ముఖం మీదనే చెప్పారు. టానిక్కులు రాయలేదు, క్లినిక్ కింద ఉన్న మందుల దుకాణంలో పొడి డబ్బాలేవీ కొనిపించలేదు. నా నడక సంగతి విని, బ్రిటనులో వైద్యులకు మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రోగులకు వ్యాయామాన్ని లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వరాదని చెప్పాయని తెలిపారు. ఉన్న శక్తి లోపలే రోజును సర్దుకోవడం నేర్చుకోమన్నారు. ఆ మాటను నాకు అర్థమయ్యేలా చెప్పినది మాత్రం నర్సే. "అప్పా, ఏటి ఇసకలో చెలమ తెలుసు కదా మీకు. గబగబా తోడేస్తే బురద వచ్చేస్తాది. ఊరింది ఊరినట్టు తోడుకుంటే రోజంతా మంచినీళ్ళే" అన్నది. వేసవిలో మహేంద్రతనయ నది ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు పట్టిన పిల్లనే నేను కూడా. ఆ పూట నుంచి అరగంట పని, అరగంట విశ్రాంతి పాటిస్తున్నాను. వంట కూర్చునే చేస్తున్నాను. పాఠం కుర్చీలోంచే చెబుతున్నాను. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒక్కటే కూలబాటు వచ్చింది. నయమైందని దీనికి అర్థం కాదు, ఇప్పటికీ నేను మునుపటి పనిలో సగమే చేయగలుగుతున్నాను.

క్లినిక్ లోపాలలో మెట్లూ ఇనుప కుర్చీలూ ఇదివరకే చెప్పాను. అంతకన్న పెద్ద లోపం, దూరం నుంచి వచ్చేవారికి తగిన ఏర్పాటు లేకపోవడం. మొదటిసారి ఉదయపు రక్తపరీక్ష కోసం ఒక రాత్రి లాడ్జిలో ఉండవలసి వచ్చింది, ఇల్లు చేరాక ఐదు రోజులు పడుకున్నాను. ముందే ఫోనులో చెప్పి ఉంటే ఆ పరీక్షలను మా ఊరిలోనే చేయించుకుని వెళ్ళేదాన్ని. శ్రమే విషమైన వ్యాధిని ఇంత బాగా గుర్తించే చోట ప్రయాణపు శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు మింగుడుపడలేదు. ఈ సంగతి రెండవసారి చెప్పాను, విన్నారు. జూన్ సంప్రదింపును వీడియోలో పెట్టమని కోరితే, కొత్త లక్షణాలు చూడాలని రప్పించారు గాని ఇకపై ఆరు నెలలకు ఒకసారి వీడియోలో చూస్తామన్నారు. మరొకటి, ఇచ్చే సూచనల కాగితం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే ఉంది. మా ఊళ్ళలోని పెద్దవారు ఆ రెండూ చదవలేరు. థైరాయిడ్ మాత్ర వేళల కాగితాన్ని నేను తెలుగులో రాసి జూన్‌లో నర్సు చేతికి ఇచ్చాను, గోడకు అంటిస్తానన్నది.

జూన్‌లో నాకు అందిన ముఖ్యమైన వస్తువు ఒక లేఖ. నా రెండు జబ్బుల పేర్లు, వాటిని నిర్ధారించిన తీరు, నేను నిలబడి పాఠం చెప్పలేనన్న సంగతి, మొదటి పీరియడు ఇవ్వవద్దన్న సూచన అందులో స్పష్టంగా ఉన్నాయి. అడగగానే అక్కడికక్కడే రాశారు, దానికి వేరే రుసుము తీసుకోలేదు. ప్రధానోపాధ్యాయులు దానిని చదివి ఆ వారమే టైంటేబులు మార్చారు. ఇంటిలో మా అమ్మకు ఆ లేఖను తెలుగు చేసి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత నా చేతిలోని చేటను తీసుకుని బియ్యం తానే చెరగడం మొదలుపెట్టింది.

ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ మెట్లకూ ప్రయాణానికీ. ఇటువంటి క్లినిక్‌కు వెళ్ళదలచినవారు పాత థైరాయిడ్ రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని, వాడుతున్న ప్రతి మాత్ర అట్టనూ వెంట తీసుకుని, కనీసం రెండు వారాల దినచర్య రాసుకుని వెళ్ళండి. ఉదయం పరీక్షలు ఏమైనా ఉంటాయేమో టోకెను అడిగేటప్పుడే కనుక్కోండి. నేను రాసిన మోతాదులూ అంకెలూ నా ఒంటివి, వాటిని చూసి ఎవరూ తమ మందు మార్చుకోవద్దు.